ఉస్తీన్య బామ్మ ఏడుపు, మా గంతులు

“జానపదం చావలేదు! ఇకమీదట అది గంతులేస్తుంది!” అని మా జిల్లా అధిపతి రోస్తిస్లావ్ ఇగ్నాత్యెవిచ్ నగర దినోత్సవం నాడు మైకు పగిలేలా ప్రకటించారు. గంతులు వేయించే భారం మా ‘కరెంటు సమోవార్’ బృందం మీద పడింది. మా నాయకుడు వెనియమిన్ కంప్యూటరులో డప్పులు మోగిస్తాడు. నేను అకార్డియన్ వాయిస్తాను. మా గాయనులిద్దరూ ముత్యాల కిరీటాలు పెట్టుకుని, పుట్టాక ఆవును చూసి ఎరగని మొహాలతో పల్లెపడుచుల్లా నవ్వుతారు. అదీ మా జానపదం!

ఆ రోజు జనమంతా ఒక్క పాట కోసమే వచ్చారు. దాన్ని మేం వసంతంలో దోల్గొయె అనే పల్లె నుంచి పట్టుకొచ్చాం. అక్కడ ఉస్తీన్య ఫొకీవ్నా అనే ఎనభై ఏళ్ళ బామ్మ శోకాలు పెట్టడంలో దిట్ట. మా ఉత్తరాది శోకాలకు రాసిపెట్టిన మాటలుండవు. మనసులో ఏ బాధ ఉంటే దాన్నే అప్పటికప్పుడు రాగం తీసి ఏడుస్తారు. జానపదాన్ని ఉద్ధరించే వెనియమిన్‌కు ఈ ముక్క తెలియదు.

“బామ్మా, ఏదైనా బాగా పాతది ఏడువు,” అన్నాడు.

“పాతవెందుకు నాయనా, కొత్తవే బోలెడున్నాయి,” అంటూ ఆమె మొదలుపెట్టింది, మేం రికార్డు చేసుకున్నాం.

పళ్ళు లేని నోరు, పల్లె యాస, ఆపైన వెనియమిన్ కలిపిన డప్పులు! ఎవరికీ ఒక్క మాట అర్థం కాలేదు. నాకు అయింది, నేను పక్క ఊళ్ళోనే పుట్టాను. కానీ అకార్డియన్ వాయించేవాడు మెట్లు నొక్కాలి గాని నోరు విప్పకూడదు కదా! సిగ్గు లేకుండా ఊరుకున్నాను.

మైదానంలో పాట మోగింది. రోస్తిస్లావ్ గారు కుర్చీలోంచి లేచి, గొంతుక్కూర్చుని కాళ్ళు విసిరారు. అధికారులందరూ ఆయన వెనకే విసిరారు. తర్వాత, బస్సెక్కించి తెచ్చిన బామ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు.

“రెండు ముక్కలు మాట్లాడండి, ఉస్తీన్య ఫొకీవ్నా!”

“ఇంకేం మాట్లాడను బాబూ? నా గోడంతా ఇందాకే వినిపించారుగా. తమరు గంతులు కూడా వేశారు.”

“ఏం గోడు?”

ఆమె డప్పుల్లేకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “అయ్యా రోస్తిస్లావూ, మా ఊరి మందుల గదికి తాళం వేయించావు. మా చెల్లి ఫెక్లాకు ఊపిరాడకపోతే పట్నం ఆసుపత్రికని బయల్దేరాం. పడవ రేవు చేరకముందే నా ఒళ్ళోనే పోయింది. నా గుండె కూడా ఇప్పుడు ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఆ తాళం తీయించు తండ్రీ.”

రోస్తిస్లావ్ గారు ఎర్రబడ్డారు, దగ్గారు, అక్కడికక్కడే కమిషన్ వేశారు!

కమిషన్ పది రోజులు తర్జనభర్జన పడి ఉత్తర్వు ఇచ్చింది. “సదరు శోకగీతమును జిల్లా వారసత్వ సంపదగా గుర్తించడమైనది. మందుల గది తెరిచినయెడల గీతములోని విషయము అసత్యమై వారసత్వమునకు భంగము వాటిల్లును. కావున సదరు తాళమును యథాతథముగా పరిరక్షించవలెను.”

తాళం పక్కన ఇత్తడి ఫలకం బిగించారు. ఆవిష్కరణకు వాయించడానికి మమ్మల్నే పిలిచారు, వెళ్ళాం. రిబ్బను కత్తిరించగానే ఉస్తీన్య బామ్మ గుండె పట్టుకుని ఆ గుమ్మంలోనే కూలబడింది.

“తలుపు... తలుపు తియ్యండయ్యా...” అంది. ఊపిరి అందక గొంతు ఈల వేస్తోంది.

“ఆహా, ఎంత లయగా ఉందో విను!” వెనియమిన్ ఎగిరి గంతేశాడు. “రికార్డు చెయ్యండిరా, తొందరగా!”

ఆమె నోటి దగ్గర మైకు పట్టుకున్నది నేనే.