మూడో చుట్టు

ఆదివారం పొద్దున్నే బోర్డుల పెయింటరు ఫ్లాస్కులో టీ పోసుకుని, భార్యను వెంటబెట్టుకుని సముద్రం పక్కనున్న గుట్ట దగ్గరికి వచ్చాడు. గుట్ట మీద గుండ్రంగా తిరిగే చిన్న దారి ఉంది. ఒక వైపు మెట్లెక్కి, చుట్టూ నడిచి, రెండో వైపు బస్టాపు దగ్గర దిగడానికి ముప్పావు గంట చాలు. నలభై ఒక్కేళ్ళ కిందట ఆ దారి పొడవునా రాళ్ళ మీద పసుపు బాణాలు వేసింది ఆయనే. వెలిసిపోయిన వాటిని మళ్ళీ దిద్దమని పురపాలక కార్యాలయం వాళ్ళు కబురుపెడితే, నిన్ననే పని ముగించాడు.

అసలు ఆయన ఆశ వేరు. పెళ్ళికి ముందు ఇద్దరూ నడిచిన దారి అది. ఆయనకు ప్రతి మలుపూ గుర్తే. ఆవిడ మాత్రం పాత ముచ్చట ఏది ఎత్తినా "ఏమో, నాకేం గుర్తులేదు" అని తీసిపారేస్తుంది. తన జీవితంలోకెల్లా మంచి రోజు ఒక్క తన బుర్రలోనే మిగిలిపోయిందేమోనని ఆయనకు బెంగ.

"నిన్నటి పనికి మోకాలు సలుపుతోంది, నేనెక్కలేను. నువ్వు చూసిరా. ఏమైనా గుర్తొస్తుందేమో!"

"రాళ్ళను చూస్తే ఏం గుర్తొస్తుందండీ?" అంటూ ఆవిడ మెట్లెక్కింది. వెనకే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ తన నడక బృందంతో ఎక్కింది. ఆ వెనక పళ్ళ డాక్టరు.

పెయింటరు బస్టాపులో కూర్చున్నాడు. ముప్పావు గంటైంది, గంటన్నరైంది. పైనుంచి పురుగు దిగితే ఒట్టు! ఫోన్ చేస్తే, భార్య ఫోను ఆయన సంచిలోనే మోగింది. అంతలో డాక్టరుగారి కాంపౌండరు రొప్పుతూ వచ్చాడు.

"పన్ను పీకించుకునే ఆయన బుగ్గ పట్టుకుని కూర్చున్నాడండీ. డాక్టరుగారేమో గంట నుంచీ 'దారిలో ఉన్నా, దారిలో ఉన్నా' అంటున్నారు!"

పెయింటరు దిగ్గున లేచాడు. భార్య కాలుజారి పడిందేమో, అందరూ ఆవిడ చుట్టూ మూగారేమో! మోకాలి సంగతి మరిచి, ఆవిడ వెళ్ళిన దారినే వెతుకుదామని గుట్ట అవతలికెళ్ళి గబగబా మెట్లెక్కాడు. పైన హెడ్‌మిస్ట్రెస్ బృందం చెమటలు కక్కుతూ ఎదురైంది. వాళ్ళ చివర డాక్టరు కుంటుతున్నాడు.

"మాకిది మూడో చుట్టు. ఈ గుట్ట ఇంత పెద్దదని తెలియదు సుమండీ!" అంది హెడ్‌మిస్ట్రెస్.

"ఈ మెట్ల మీదుగా దిగిపోవచ్చుగా?"

"'ఎక్కుటకు మాత్రమే' అని బోర్డుంది. రాసినవాడు పిచ్చివాడా?"

రాసినవాడు రంగంటిన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"బాణాలు చూడండి, నిన్న వేసినవి. రంగు వాసన కూడా పోలేదు. తప్పెలా అవుతాయి?" అని ఆవిడ మళ్ళీ ముందుకు కదిలింది.

పెయింటరు వాళ్ళను దాటుకుని దిగుదారి చీలే చోటికి చేరేసరికి సంగతి బోధపడింది. వానలకు నేల కుంగి అక్కడి రాయి పక్కకు తిరిగిపోయింది. కిందికి చూపాల్సిన బాణం మళ్ళీ మెట్లవైపే చూపిస్తోంది. నిన్న ఆయన తలెత్తితే కదా! పాత గీత మీద కొత్త గీత, వెంట్రుకవాసి తేడా రాకుండా దిద్దాడు.

ఆ రాయి పక్కనే భార్య తాపీగా కూర్చుని ఉంది.

"నీకేం కాలేదు కదా?"

"ఏమవుతుంది? బాణం తప్పని మొదటి చుట్టులోనే చూశాను."

"మరి దిగిరాలేదేం?"

"మూడు చుట్లు తిరగాలి కదండీ!"

"మూడా? రెండే! రెండో చుట్టులో పెళ్ళి మాట నేనడిగాను, నువ్వు వెంటనే సరేనన్నావు. ఊరందరికీ అదే చెప్తుంటాగా!"

"అదే వచ్చిన చిక్కు. మీరడిగితే నేను 'ఇంకో చుట్టు నడుద్దాం' అన్నాను. అదే ఒప్పుకోవడమనుకుని మీరు ఇల్లు ఎక్కడ తీసుకోవాలో చెప్పుకుపోయారు. నేనా చుట్టంతా ఆలోచిస్తూ నడిచాను. ఇక్కడికొచ్చాకే ఒప్పుకున్నాను."

"మరి ఏం గుర్తులేదంటావేం?" అన్నాడు.

"మీరంత సంబరంగా తప్పు చెప్తుంటే, నలుగురిలో ఎలా దిద్దనండీ?"

ఇన్నేళ్ళుగా గుర్తులేనిది ఎవరికో ఇప్పుడు తెలిసి, ఆయనకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఆవిడ పక్కనే చతికిలబడి చెయ్యి పట్టుకున్నాడు.

వాళ్ళ వెనకగా హెడ్‌మిస్ట్రెస్ బృందం బాణాన్ని గౌరవించి నాలుగో చుట్టుకు సాగిపోయింది. పాపం, వాళ్ళలో ఎవరికీ పెళ్ళి కుదరాల్సిన పని లేదు.