బీ బిచ్చయ్య

ఆ రోజు పొద్దున అక్షిత అనుకున్నది చిన్న పనే. పదింటికల్లా టూల్ అప్‌గ్రేడ్ ముగించి, మధ్యాహ్నం సెలవు పెట్టి, అక్క మృదులతో ఏటా పెట్టే ఎగ్జిబిషన్ నుమాయిష్‌కు వెళ్లాలి.

అబిడ్స్‌లో మూడో అంతస్తులో ఉన్న ఆమె ఆఫీసు, నాంపల్లిలోని ఒక ప్రైవేటు దవాఖానకు టోకెన్లు పిలిచే సాఫ్ట్‌వేర్ నడుపుతోంది. పేషెంట్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది పాత సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములో. వాటిని స్పీకర్లో చదివేది పైథాన్ ప్రోగ్రాము. ఒకదాని భాష మరొకదానికి రాదు కనుక మధ్యలో దుబాసీలా ఒక ర్యాపర్ కోడ్ ఉంది. ఆ కోడ్‌ను తయారుచేసే టూల్‌నే అక్షిత మార్చింది. టోకెన్ నంబర్లు సరిగ్గా వచ్చాయి. పేర్లు కూడా చూడాలని ఆమెకు తోచలేదు.

పదిన్నరకు దవాఖాన రిసెప్షన్ నుంచి భాగ్య ఫోన్ చేసింది.

"మేడమ్, అందరి పేర్లకు బీ ఎందుకు పెట్టిన్రు? బీ బిచ్చయ్య, బీ లక్ష్మీనర్సమ్మ అని పిలుస్తుంది."

"ఇనీషియలేమో?"

"ఏమో మేడమ్. ఒకాయనైతే నాది బీ కాదు, ఓ పాజిటివ్ అని లొల్లి పెడుతుండు."

అక్షిత పేర్ల పట్టికంతా వెతికింది. ఎక్కడా బీ లేదు. ర్యాపర్ తెరిచింది. నాలుగు వేల లైన్లు. చదివేకొద్దీ ఏదీ అర్థం కాలేదు. తనకు ముందు ఆ సీట్లో ఉన్న మల్లేశ్వరరావుకు ఫోన్ చేసింది.

"ఈ ర్యాపర్ మీరు రాసిందే కదా సర్?"

"నేనెక్కడ రాసినమ్మా! నాకంటే ముందున్నాయన అప్పజెప్పి పోయిండు. పదేండ్లు ముట్టకుండా కాపాడిన." ఆయన గొంతు తగ్గింది. "నువ్వు ముట్టుకున్నవా?"

ఆమె జవాబు చెప్పేలోపు భాగ్య నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది.

"ఫికర్ చెయ్యకున్రి మేడమ్, నాకు సమజైంది. బీ అంటే బీ రూమే కదా! అందర్నీ గాడికే పంపుతున్న."

"బీ రూమ్‌లో ఎవరుంటారు?"

"పండ్ల డాక్టరమ్మ."

"మరి వాళ్లంతా దేనికొచ్చారు?"

"శానామంది కండ్లకే."

అక్షిత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగింది. రోడ్డు మీద ఆటోలు కదలడం లేదు. నాంపల్లి దాకా నడక, పరుగు కలిపి వెళ్లింది.

బీ రూమ్ ముందు జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. లోపల కుర్చీలో బిచ్చయ్య నోరు తెరుచుకుని ఉన్నాడు. దంతాల డాక్టర్ సంహిత చేతిలో సూది సిద్ధంగా ఉంది.

"నాకు కండ్లు మసకైతున్నయమ్మా," అన్నాడతను, నోరు కాస్త మూసి.

"మాట్లాడకండి. ఆ దవడపన్ను తీసేయాల్సిందే," అంది సంహిత.

పక్కనున్న భార్య లక్ష్మీనర్సమ్మ మొగుడి భుజం నొక్కింది. "పట్నం డాక్టరమ్మకు తెల్వదా? కంటి నరం నోట్లకెళ్లే పోతదేమో. తెరువు జర!"

"ఆగండి! ఆయన వచ్చింది కళ్లకి!" అని అరిచింది అక్షిత.

బిచ్చయ్య నోరు టక్కున మూసుకుంది. ఇక ఎవరు చెప్పినా తెరుచుకోలేదు.

అక్షిత బయట టోకెన్లు చూపే తెర వంక చూసింది. ప్రతి పేరు ముందూ చిన్న బీ, పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు. అప్పుడు వెలిగింది. పాత టూల్ పేషెంటు పేరును అక్షరాలుగా మార్చి ఇచ్చేది. కొత్తది కంప్యూటర్ లోపలి రూపంలో, ముడి బైట్లుగానే వదిలేస్తోంది. అలాంటివాటిని చూపేటప్పుడు పైథాన్ ముందు ఒక బీ తగిలిస్తుంది. స్పీకరు దాన్నీ భక్తిగా చదువుతోంది. బైట్లను అక్షరాలుగా మార్చమని కోడ్‌లో ఒక్క మాట చేర్చింది. "బిచ్చయ్య" అని స్పీకరు శుభ్రంగా పలికింది. పొద్దుటి నుంచి ‘ఏ’ రూమ్‌లో ఒంటరిగా పేపరు చదువుకుంటున్న కళ్ల డాక్టర్ వామన్‌రావు, లోపలికొచ్చిన మనిషిని చూసి లేచి నిలబడ్డాడు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి మేనేజర్ రవికిరణ్ ఆమె సీటు దగ్గరే ఉన్నాడు. ఉద్యోగం మీద ఆశ వదులుకుని అక్షిత తనే మొదలుపెట్టింది.

"సారీ సర్. బీ తీసేశాను."

"ఎందుకు తీసినవ్? దవాఖాన పెద్దసారు ఇప్పుడే ఫోన్ చేసిండు. పేరుతో పాటు రూమ్ గూడా పిలుస్తుందని మస్తు ఖుషీగున్నడు. రెండేండ్ల నుంచి అడుగుతున్నడంట. కండ్లోళ్లకు ‘ఏ’ గూడా పెట్టమన్నడు. శభాష్!"

పొరపాటున వచ్చిన బీని తీసేయడానికి అక్షితకు పట్టింది ఒక్క మాట. కావాలని పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది.