పదో తరగతి బి సెక్షన్ బడి మానిన విధానం

మా కాలవగట్టు మునిసిపల్ హైస్కూలు ఉత్తమ పునఃప్రవేశ పాఠశాలగా ఎంపికైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. బడి మానేసిన పిల్లల్ని తిరిగి బడికి రప్పించడంలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో మా దరిదాపులకు వచ్చినవారు లేరు. బాపట్లవారు పదకొండు మందిని, రేపల్లెవారు తొమ్మిది మందిని రప్పించి అలిసిపోయారు. మేము నలభై ఒక్కమందిని రప్పించాం. అంతమంది తిరిగి రావాలంటే ముందు అంతమంది మానేయాలి కదా అని మీలో కొందరికి తోచవచ్చు. ఆ కృషి కూడా మాదే.

నేను ఆ బడిలో తెలుగు పండితుణ్ణి. స్వాగతోపన్యాసాలు, సన్మానపత్రాలు, వీడ్కోలు పద్యాలు నా శాఖ. నా దస్తూరీ బాగుంటుంది కనుక దరఖాస్తులూ నేనే రాస్తాను. ఈ వృత్తాంతం మాత్రం నన్నెవరూ రాయమనలేదు. మా పదకొండుమంది ఉపాధ్యాయుల పిల్లల్లో ఒక్కరూ మా బళ్లో చదవరు. మా అమ్మాయి హరిత కూడా టై కట్టుకుని వేరే బడికి వెళుతుంది. అందువల్ల మా బడి గురించి మేము ఏ పక్షపాతమూ లేకుండా మాట్లాడగలం.

ముందుగా లెక్కల మాస్టారు సుబ్రహ్మణ్యంగారి గురించి చెప్పాలి. ఆయనలో ఒక లోపం ఉంది. ఆయన కూడిన కూడిక తప్పదు. రెండువేల ఒకటి జనాభా లెక్కలప్పుడు ఈ లోపం ప్రభుత్వం కంట పడింది. అప్పటినుంచి ఓటర్ల జాబితా అన్నా, పోలియో చుక్కలన్నా, ఆఖరికి ఊళ్లో కోళ్లెన్ని అన్నా ఆయన్నే పిలుస్తున్నారు. రెండువేల మూడు జూన్‌లో బడి తెరిచిన రెండో రోజే ఇంకో ఉత్తర్వు వచ్చింది. పట్టణంలో చదువుకు దూరమైన పిల్లలెవరో ఇల్లిల్లూ తిరిగి జాబితా రాయాలి. ఆయన గొడుగు తీసుకుని వెళ్లారు. ఆయన వెతికిన అయిదు నెలలూ పదో తరగతి బి సెక్షన్‌లో నలభై ఒక్కమంది పిల్లలు లెక్కలకు దూరంగా కూర్చున్నారు. వాళ్లు బడి లోపల కూర్చున్నారు కనుక సర్వే పరిధిలోకి రారు.

తరగతి ఖాళీగా ఉండకూడదని హెడ్మాస్టరు విజయసారథిగారు ఆ పీరియడ్‌కి నన్ను వేశారు. నాకు లెక్కలు రావని మనవి చేసుకున్నాను.

"లెక్కలు చెప్పమని ఎవరన్నారండీ? గోల లేకుండా చూడండి, చాలు" అన్నారు.

చూశాను. త్రికోణమితి నోటుబుక్కులో పిల్లలు శతక పద్యాలు రాసుకున్నారు. మంచి పద్యాలే.

మూడో బెంచీలో దీవెన అనే అమ్మాయి ఉంది. తల్లి రాజమ్మ నిమ్మకాయల యార్డులో కూర్చుని పండుకాయ ఒక పక్కకి, పచ్చికాయ ఒక పక్కకి ఏరుతుంది. దీవెనకి పాలిటెక్నిక్‌లో చేరాలని కోరిక. దాని ప్రవేశ పరీక్షలో సగం లెక్కలే. లెక్కల సారు ఎప్పుడొస్తారండి అని మొదటి వారంలోనే అడిగింది. సర్వే అవగానే అన్నాను. సర్వే ఎప్పుడవుతుందండి అంది. పద్యం అప్పజెప్పమన్నాను.

అంతటితో ఊరుకునే పిల్ల అయితే ఈ కథే లేదు. ఒక సాయంత్రం ఏదో సందులో ఇల్లిల్లూ తిరుగుతున్న సుబ్రహ్మణ్యంగారిని పట్టుకుంది. చదువుకు దూరమైన పిల్లలున్నారా అని ఆయన ఒక గుమ్మం దగ్గర అడుగుతుంటే వెనకనుంచి నోటుబుక్కు అందించింది. ఆయన మెట్టు మీద కూర్చుని సర్వే ఫారం వెనకవైపు ఒక లెక్క చేసి చూపించారు. ప్రభుత్వ పత్రాన్ని బోధన వంటి ఇతర ప్రయోజనాలకు వాడినందుకు ఆయనకు వారంలోగా మెమో వచ్చింది.

నవంబరులో సర్వే ముగిసింది. మా వార్డులో తొమ్మిదిమంది తేలారు. వాళ్లకోసం 'మళ్లీ బడికి' అనే శిబిరం పెట్టారు. శిబిరానికి మా బడి వెనక గది ఇచ్చారు. పిల్లల పేర్లు తెలిసిన మనిషి కనుక సుబ్రహ్మణ్యంగారినే అందులో నియమించారు. ప్రారంభం రోజు తొమ్మిదిమందీ వచ్చి, పులిహోర తిని, ఫోటో దిగి వెళ్లిపోయారు. మర్నాటినుంచి ఒక్కరూ రాలేదు. ఉత్తర్వు ప్రకారం సుబ్రహ్మణ్యంగారు పదింటినుంచి నాలుగింటిదాకా సుద్దముక్క పట్టుకుని ఖాళీ గదిలో ఉండేవారు. గోడకి ఇవతల నలభై ఒక్కమంది పిల్లలు, నేను, పద్యాలు. ఉండబట్టలేక ఆయన ఒకరోజు ఖాళీ గదికే కాస్త గట్టిగా పాఠం చెప్పారు. మా పిల్లలు కిటికీలోంచి విని రాసుకున్నారు. హెడ్మాస్టరుగారు కిటికీ మూయించారు.

దీవెన నేరుగా హెడ్మాస్టరుగారి గదికే వెళ్లి, శిబిరంలో కూర్చుంటానని అడిగింది. బడి రిజిస్టరులో పేరున్నవాళ్లు శిబిరంలో కూర్చోకూడదని ఆయన నిబంధన చదివి వినిపించారు. అయితే నా పేరు కొట్టేయండి అంది.

మర్నాడు తల్లిని తీసుకొచ్చింది. పిల్లని కూడా యార్డుకి తెచ్చేయరాదా అని చుట్టుపక్కలవాళ్లు పదేళ్లుగా అంటుంటే చెవిన పెట్టని మనిషి రాజమ్మ. కుర్చీ చూపించినా కూర్చోలేదు. దరఖాస్తు నేనే రాశాను. ఇంటి ఇబ్బందుల వల్ల మా అమ్మాయిని చదువు మాన్పిస్తున్నాను అని చదివి వినిపించాను.

"మాకు ఇబ్బందులేం లేవండి" అంది రాజమ్మ.

"కారణం రాయాలమ్మా. ఖాళీగా ఉంటే చెల్లదు" అన్నారు హెడ్మాస్టరుగారు.

"చదువు మానితేనే చదువు చెప్తారా అయ్యగారూ?"

"రూలు నేను పెట్టింది కాదమ్మా."

రాజమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. అది చూసి నాకు నిజంగా బాధ కలిగింది. అయినా కాగితం ఆరేదాకా జాగ్రత్తగా పట్టుకున్నాను. దీవెన పేరు మీద ఎర్రసిరా గీత పడింది. ఆ అమ్మాయి వరండా దాటి వెనక గదిలోకి వెళ్లి, చదువు మానేసి, చదువుకోవడం మొదలుపెట్టింది.

పదిరోజుల్లో తక్కిన నలభైమందీ మానేశారు. మొదట హెడ్మాస్టరుగారు తల పట్టుకున్నారు. తర్వాత ఎవరో పునఃప్రవేశాల పోటీ సర్క్యులరు ఆయన ముందు పెట్టారు. మానేసినవాళ్లను రప్పించిన బడికి షీల్డు ఇస్తారట. ఆ మధ్యాహ్నంనుంచి మానివేత దరఖాస్తులు ఆయన బల్లమీద కట్టగా ఉండేవి, పిల్లలు అడగక్కర్లేదు. నా పీరియడ్ మాత్రం టైంటేబులులో అలాగే ఉంది. రోజూ వెళ్లి ఖాళీ బెంచీల ముందు కూర్చున్నాను. ఆయన కోరినట్టే గోల అస్సలు లేదు.

జనవరిలో ఒక అధికారి శిబిరం చూడటానికి వచ్చారు. కిక్కిరిసిన గది చూసి ముచ్చటపడి, ఎందుకు చదువు మానేశావమ్మా అని దీవెనని అడిగారు. చదువుకోవడానికండి అని లేచి నిలబడి చెప్పింది. ఆయన పడీపడీ నవ్వి, పిల్లలకి మంచి తర్ఫీదిచ్చారని హెడ్మాస్టరుగారి భుజం తట్టారు.

ఫిబ్రవరిలో పునఃప్రవేశోత్సవం జరిగింది. నలభై ఒక్కమందినీ వెనక గేటులోంచి బయటికి పంపి, బ్యాండు మేళంతో కాలవగట్టు మీదుగా తిప్పి, ముందు గేటులోంచి లోపలికి తెచ్చారు. ఒక్కొక్కరికీ దండ వేశారు. "అంధకారంలో తడబడుతున్న ఈ చిట్టి పాదాలకు అక్షర మార్గం చూపిన భాగ్యం మాది" అని హెడ్మాస్టరుగారు ఉపన్యసించారు. ఆ వాక్యం నాదే. అందరూ చప్పట్లు కొట్టారు. మీరుంటే మీరూ కొట్టేవారు. సుబ్రహ్మణ్యంగారు సభలో లేరు. ఎన్నికలు వస్తున్నాయి కనుక ఉదయమే ఆయన్ని పిలిచారు.

దీవెనకి పబ్లిక్ పరీక్షలో లెక్కల్లో తొంభైమూడు వచ్చాయి. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చేటంత ర్యాంకూ వచ్చింది. గుంటూరులో కాగితాలు చూసే బల్ల దగ్గర ఒకాయన స్టడీ సర్టిఫికెట్ మీద వేలు పెట్టి, ఈ మూడు నెలలూ ఎక్కడున్నావమ్మా అన్నారు. బళ్లోనే ఉన్నానండి అంది. కాగితంలో అలా లేదు, చదివినట్టు మీ హెడ్మాస్టరు చేత రాయించుకుని శుక్రవారం లోపల తెస్తే సీటు ఉంటుందన్నారు.

తల్లీకూతుళ్లు వచ్చారు. విజయసారథిగారు చెడ్డవారు కారు. పిల్ల వంక చూశారు, అద్దాల బీరువాలో షీల్డు వంక చూశారు. ఈమె చదివిందని రాస్తే మానలేదని తేలుతుంది. ఈమె మానకపోతే తక్కిన నలభైమందీ మానలేదు. అప్పుడు షీల్డు రేపల్లెకో బాపట్లకో పోతుంది. సుబ్రహ్మణ్యంగారు తన చేత్తో ఒక ఉత్తరం రాసిచ్చారు గానీ దానిమీద బడి ముద్ర లేదు. ముద్ర హెడ్మాస్టరుగారి సొరుగులో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయండి పంతులుగారూ అని హెడ్మాస్టరుగారు నాకు కాగితం ఇచ్చారు. కలం నా చేతిలోనే ఉంది. లెక్కలు చెప్పే దిక్కులేని అయిదు నెలలకీ 'చదివినది' అని రాశాను. పగలంతా లెక్కలు చేసిన మూడు నెలలకీ 'చదువు మానినది' అని రాశాను. దీవెన రెండుసార్లు చదువుకుంది. శుక్రవారం వెళ్లిపోయింది, సీటు వెళ్లిపోయింది.

ఈ జూన్‌లో సర్వేని పదో తరగతి తర్వాత మానేసినవాళ్లకీ విస్తరించారు. సుబ్రహ్మణ్యంగారు ఇప్పుడు సర్వే చేసేవాళ్లకి శిక్షణ ఇస్తున్నారు. అందుకని మా వార్డుకి నన్ను వేశారు. మొన్న నిమ్మకాయల యార్డుకి వెళ్లాను. రాజమ్మ పక్కన, రాశి ముందు దీవెన కూర్చుని ఉంది. చేతులు చకచకా కాయల్ని వేరు చేస్తున్నాయి. పేరు, వయసు నాకు తెలిసినవే కనుక అడగకుండా నింపాను. చదువు మానడానికి కారణం దగ్గర ఆగాను.

"చదువుకున్నందుకని రాయండి మాస్టారండీ" అంది దీవెన, తల ఎత్తకుండానే.

ఫారంలో అయిదు కారణాలున్నాయి, ఒక్కొక్కదానికి ఒక అంకె. అంకె తప్ప మాట రాయకూడదు. ఆ అమ్మాయి చెప్పింది అయిదింటిలోనూ లేదు. అయిదింటినీ మళ్లీ మొదటినుంచి చదివాను.

రాజమ్మే నా మీద జాలిపడింది. "ఖాళీగా ఉంటే చెల్లదు కదండీ. ఏదో ఒకటి వేసేయండి" అంది.

నాలుగు వేశాను. నాలుగంటే చదువుమీద ఆసక్తి లేకపోవడం. మీరైనా అదే వేసేవారు.