ఫ్యూయల్ పంపు దొరక్కపోవడం వల్ల లాభాలు

పాత కారుకి ఫ్యూయల్ పంపు దొరక్కపోవడమంత అదృష్టం మనిషి జన్మకి మరొకటి లేదు! నవ్వకండి. పదకొండు నెలలు దగ్గరుండి చూసి, బాగా ఆలోచించి, తేల్చి చెబుతున్న మాట ఇది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. కారు వెనకాల ట్యాంకులో ఉన్న పెట్రోలుని ముందున్న ఇంజనుకి తోడిపోసేదే ఫ్యూయల్ పంపు. చూడబోతే గుప్పిట్లో పట్టే ఇనప ముద్ద. అది మొరాయించిందా, మిగతా కారంతా బంగారంతో చేసినా అంగుళం కదలదు.

మా బావమరిది దగ్గర అలాంటి కారొకటుంది. వాళ్ళ నాన్నగారిది. వయసులో నాకంటే పెద్దది, నిగనిగలో నాకంటే నయం. దాన్ని పందొమ్మిదో ఏట నేర్చుకుని నడిపింది కూతురు, అంటే మా ఆవిడ. తమ్ముడుగారు వెనక సీట్లో కూచుని మలుపు మలుపుకీ వాంతి చేసుకునేవాడు. మరి నాన్నగారు పోయాక కారు ఎవరికొచ్చింది? తమ్ముడికే. మగపిల్లాడు కదా! వాడికి ఈ రోజుకీ గేరు మార్చడం రాదు. తుడవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. అందుకని ఆదివారం ఆదివారం మా ఆవిడే వెళ్ళి, దాన్ని ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చేది. ఆ రోజు ఆవిడ మొహం చూస్తే నాకు పెళ్ళినాటి మనిషి గుర్తొచ్చేది.

పోయిన ఏడాది ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. కారు పంపు పోయింది. మా ఆవిడకి పక్కచూపు తగ్గుతోందని కంటి డాక్టరు చెప్పాడు. ఇప్పటికి ఫరవాలేదు గానీ, వచ్చే ఏడాది లైసెన్సు గడువు తీరాక మళ్ళీ స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు.

ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. ఏడుపులూ మొత్తుకోళ్ళూ లేవు. కేలండరు తిరగేసి ఆ తేదీ చూసుకుని, తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, చూపున్నన్నాళ్ళూ నాన్న కారు నడుపుకుంటాను. తొందరగా బాగుచేయించు."

"నీకంటే ఎక్కువా అక్కా? నెల తిరక్కుండా చేయిస్తా," అన్నాడు వాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అబద్ధమెందుకు చెప్పాలి!

వెంటనే కాలికి బలపం కట్టుకుని బయల్దేరాడు. వీధి చివర ముసలి మెకానిక్ దగ్గర ఆగి పంపుందా అని అడిగాడు. లేదన్నాడాయన. తరవాత పెద్ద బజారులో స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళాడు. ఏసీ షాపు. కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్లో టకటకా కొట్టి, అసలు అలాంటి కారు లేదని చెప్పాడు. లేకపోవడమేమిటి, నా షెడ్డులో ఉందయ్యా అని వీడు ఫోటో చూపించాడు. ఫోటోలో ఉండొచ్చు గానీ సిస్టమ్‌లో లేదు సార్ అన్నాడతను. ఎంత గొప్ప వేదాంతం చూడండి! కళ్ళకి కనిపించేదంతా నిజం కాదని తెలుసుకోవడానికి మనుషులు ఇల్లూ వాకిలీ వదిలి తిరుగుతారు. మావాడికి కౌంటర్ దగ్గర, నిలబడ్డ చోట, ఏసీలో తెలిసింది.

షాపుల్లో లేకపోతే ఆన్‌లైన్ లేదూ? 'అన్ని మోడళ్ళకీ సరిపోయే పంపు' అని బొమ్మ కనిపించింది. మూడో రోజుకే పార్సిల్ వచ్చింది. విప్పితే చేపలతొట్టి పంపు. కస్టమర్ కేర్‌తో ఒక పూటంతా చాటింగ్ చేశాడు. మీ బాధ మాకు అర్థమైందని అవతలి యంత్రం పదిహేనుసార్లు అంది. కట్టుకున్న పెళ్ళాం కూడా అన్నిసార్లు అనదు! పంపు వెనక్కి తీసుకోవడం కుదరదట. ఇంట్లో పంపుంది, తొట్టి లేదు. తొట్టి కొన్నాడు. తొట్టి ఉంది, చేపలు లేవు. చేపలు కొన్నాడు. ఇప్పుడు వాళ్ళింట్లో ఏడు ఎర్ర చేపలు హాయిగా తిరుగుతున్నాయి. కారు కదలదు, చేపలు కదులుతాయి. ఇంట్లో ఏదో ఒకటి కదిలితే చాలదా?

ఆరోగ్యం సంగతి చెప్పనేలేదు. తుక్కు బజార్ల వెంట చెప్పులరిగేలా తిరిగి పొట్ట తగ్గించాడు. ఖర్చు మాటా చూడండి. పెట్రోలు లేదు, టైర్లు అరగవు, పార్కింగ్ గొడవ లేదు. షెడ్డులో నిలబడ్డ కారుకి చలానా రాసిన పోలీసుని ఒక్కణ్ణి చూపించండి!

అన్నిటికంటే పెద్ద లాభం స్నేహాలు. పాత కార్లవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంటే మావాడు అందులో చేరాడు. రెండువందల పన్నెండు మంది. అందులో పంపు లేనివాడు మావాడొక్కడే. మిగతావాళ్ళందరికీ ఉంది. ఒకరికి రెండు, ఒకరికి నాలుగు. పెళ్ళిచూపులకి ఫోటోలు పంపినట్టు ముందునుంచీ, పక్కనుంచీ పంపు ఫోటోలు పెట్టారు. ఒక్కటివ్వండి బాబూ అంటే మాత్రం గ్రూపంతా గప్‌చుప్. కాసేపాగి ఎవరో గుడ్ మార్నింగ్ పెడతారు.

గ్రూపుకి పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గర పదకొండు పంపులు, పెట్టెల్లో, సీలు విప్పనివి, అద్దాల బీరువాలో ఉన్నాయి. రోజూ చిన్న బ్రష్షుతో దుమ్ము దులుపుతారు. ఆయన కారేదీ అని మీరడగొచ్చు. కారెప్పుడో అమ్మేశారు! పంపులుండగా కారెందుకు? మావాడు ఆయన గుమ్మం ముందు ఆరు వారాలు పడిగాపులు పడ్డాడు. చివరికి ఆయన కరుణించి, మావాడి కారు డాష్‌బోర్డులోని ఒరిజినల్ గడియారం పుచ్చుకుని ఒక పెట్టె ఇచ్చారు. కారుని బతికించుకోవడానికి కారునే ముక్కలుగా ఇచ్చుకోవడం, త్యాగమంటే అది!

అప్పటికి ఏడో నెల. పంపు దొరికింది. ఇంకేం, బిగించేస్తాడనుకున్నారు కదూ? మీకు పాత కార్లవాళ్ళ సంగతి తెలియదు.

సీలు విప్పితే దాని విలువ పోతుందన్నారు పెద్దాయన. నలభై ఏళ్ళుగా ఎవరూ విప్పని పెట్టె, నీ చేతుల మీదుగా ఆ పాపం జరక్కూడదన్నారు. గ్రూపంతా చప్పట్లు కొట్టింది. మావాడు పెట్టెని షోకేసులో పెట్టి చిన్న లైటు కూడా బిగించాడు. మళ్ళీ వెతకడానికి బయల్దేరాడు. ఈసారి వెతుకుతున్నది కారుకి బిగించే మామూలు పంపు. షోకేసులోది బిగించకుండా కాపాడుకోవాలంటే ఇంకో పంపు కావాలి కదా! లాజిక్కులో తప్పు పట్టండి చూద్దాం.

మా ఆవిడ అడిగినప్పుడల్లా వెతుకుతున్నానక్కా అనేవాడు. ఆవిడ సరే అనేది. ఎనిమిదో నెల, తొమ్మిది, పది. ఈ మధ్య వాకిట్లో మెట్టు దిగేటప్పుడు నా భుజం పట్టుకోవడం మొదలుపెట్టింది. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

లైసెన్సు గడువుకి ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని తమ్ముడింటికి వెళ్ళింది. షోకేసు ముందు నిలబడింది. ఆ పెట్టెమీదున్న అక్షరాలని దగ్గరగా వంగి చదివింది. ఎన్నాళ్ళయిందిరా ఇది ఇక్కడుండి, అని అడిగితే నాలుగు నెలలన్నాడు వాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కూరగాయల కత్తి తెచ్చింది. అక్కా అక్కా అంటూ వాడు అడ్డుపడేలోగా సీలు తెగిపోయింది.

లోపల పాత న్యూస్‌పేపరు. దాంట్లో చుట్టి ఒక పంపు. కొత్తది కాదు. మసిబట్టి, జిడ్డుకారి, అరిగి, కారునుంచి ఊడదీసిన పంపు! నలభై ఏళ్ళ కిందట ఎవరో పుణ్యాత్ముడు కొత్తది తీసి తన కారుకి బిగించుకుని, పాతది పెట్టెలో పెట్టి అంటించేశాడు. అప్పట్నుంచీ అది చేతులు మారుతూనే ఉంది, పూజలందుకుంటూనే ఉంది. మావాడు కుర్చీలో కూలబడ్డాడు.

"వీడెవడో గానీ కారు నడుపుకున్నాడురా," అంది మా ఆవిడ.

ఆ పంపు పట్టుకుని వీధి చివరికి నడిచింది. వెనకాల మేమిద్దరం. ముసలి మెకానిక్ పంపుని అటూ ఇటూ తిప్పి చూశాడు. షెడ్డుకొచ్చి కారుకున్న పంపునీ విప్పి చూశాడు. రెంటికీ జబ్బు ఒకటే. లోపల డయాఫ్రమ్ అని ఒక రబ్బరు గుడ్డ ఉంటుంది, అది చిరిగింది. ఆయన షాపులోంచి రబ్బరు షీటు తెచ్చి, పాతదాన్ని దానిమీద పెట్టి గీత గీసి, కత్తెరతో గుండ్రంగా కోశాడు. చుట్టూ కన్నాలు కొట్టాడు. లోపల కూచోబెట్టి మరలు బిగించాడు. టీ చల్లారేలోగా పని అయిపోయింది.

మావాడికి ఒళ్ళు మండింది. ఇంత తేలికైన పని అని మొదటి రోజే ఎందుకు చెప్పలేదని ఆయన మీదకి వెళ్ళాడు.

"మీరు పంపుందా అని అడిగారు సార్, లేదన్నాను. బాగవుతుందా అని అడిగితే కదా," అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ.

మా ఆవిడ కారెక్కింది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని గేరు వేసింది.

చూశారా, పంపు దొరక్కపోవడం వల్ల అందరికీ లాభమే. మావాడికి పొట్ట తగ్గింది, చేపలొచ్చాయి. పెద్దాయనకి గడియారం వచ్చింది. నాకు? బావమరిది వెతుకులాట మీద ఇదే పత్రికలో ఆరు వ్యాసాలు వచ్చాయి, ఇది ఏడోది. మీరు పడీపడీ నవ్వామని ఉత్తరాలు రాశారు. ఆ మెకానిక్ షాపు ముందునుంచే నేను రోజూ పొద్దున పాలకి వెళతాను. ఆగి, పంపు బాగవుతుందా అని ఒక్క మాట నేనడిగినా సరిపోయేది. అడగలేదు. బాగైపోతే ఇక రాయడానికి ఏముంటుంది?

ఏడాది నడపాల్సిన మనిషి మూడు రోజులు నడిపింది.