ఎటు తిప్పినా ఉత్తరమే

వారం నుంచి ముసురు. యుద్ధం ముగిసిన ఏడాది అది. సిద్దిపేట బడిపంతులు దత్తాత్రి ఆ పొద్దున ఒకే పని పెట్టుకున్నాడు: ఈ ఇంట్లోనే మూడో బిడ్డను కన్న భార్య యాదలక్ష్మి మంచం తలాపు ఏ దిక్కుకు ఉందో బడి దిక్సూచితో చూడటం. పదకొండో రోజు పురుడు అయ్యేదాకా మగవాళ్లు బాలింత గదిలోకి పోకూడదు. అందుకే ఇన్నాళ్లు ఆగాడు. రాయపోల్‌లో, ఆమె పుట్టింట్లో పుట్టిన మొదటి ఇద్దరు బిడ్డలూ నెల దాటి బతకలేదు. తలాపు ఉత్తరానికి ఉండటం వల్లేనని ఎవరో అన్నారు. ఆ మాట ఆయన నమ్మలేదు, మరిచిపోనూ లేదు.

దిక్సూచిని తలగడ అంచున పెట్టాడు. ముల్లు ఉత్తరపు కొన తిన్నగా తలగడను చూపింది.

"అత్తమ్మా, ఉత్తరం తలాపు ఏసిన్రా?"

"దక్షిణానికే ఏసిన బిడ్డా. పొద్దు ఎటు పొడుస్తదో నాకు ఎర్కలేదా?" అంది కూతురి కాన్పు చూడవచ్చిన కొండవ్వ.

అత్త మాటకన్నా ముల్లు మాటే గట్టిదనుకుని మంచాన్ని వెనక్కి తిప్పించాడు. ముల్లు మళ్లీ తలగడనే చూపింది.

మంచం పట్టడానికి వచ్చిన పక్కింటి దుబ్బయ్య నోరు తెరిచాడు. "గట్లెట్ల తిరుగుతది పంతులూ?"

"దగ్గర్ల ఇనుముంటె ముల్లును గుంజుతది దుబ్బన్నా. రెండు దిక్కులకు పోతున్నదంటె రెండు గోడలల్ల ఇనుమున్నట్టే."

"గీ గోడ పెట్టిన నాడే మా బాపు గడ్డపార పోయింది!" దుబ్బయ్య కళ్లు మెరిశాయి. "రెండోది ఎవలదో మరి."

"ఇనుమే అయితె, ఒక మాట..." అంది యాదలక్ష్మి.

"నువ్వు పండుకో," అన్నాడు దత్తాత్రి.

ఎవరూ అడగకముందే దుబ్బయ్య పార తెచ్చాడు. నానిపోయిన మట్టిగోడను నాలుగు పోట్లు పొడిచాడో లేదో, అది అలిసిన మనిషిలా చతికిలబడింది. గడ్డపార దొరకలేదు. వాన మాత్రం లోపలికి వచ్చింది. కొండవ్వ పసిదాన్ని కొంగులో చుట్టుకుంది.

"రెండు పోయినయి. దీన్నన్న బతకనియ్యి బిడ్డా!"

పక్కబట్టలు ఉన్నవి ఉన్నట్టే మంచాన్ని దుబ్బయ్య వసారాలోకి మోశారు. దత్తాత్రి మళ్లీ దిక్సూచి పెట్టాడు. ముల్లు తలగడనే చూపింది.

దుబ్బయ్య పోయి తన గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. "మా గోడ ముట్టకు పంతులూ. గిండ్ల ఎవ్వల గడ్డపార లేదు."

"ఇప్పుడన్న ఇంటరా?" అని యాదలక్ష్మి తలగడ కిందికి చెయ్యి పోనిచ్చి కొడవలి తీసింది. గాలి సోకకుండా బాలింతకు పెట్టే ఇనుము. ఆమె చెయ్యి ఎటు కదిలితే ముల్లు అటే కదిలింది.

ఆ కొడవలిని దత్తాత్రి గుర్తుపట్టాడు. అయస్కాంతంతో రుద్దితే ఇనుము కూడా అయస్కాంతమవుతుందని పోయిన నెల బడిలో రుద్ది చూపించింది దాన్నే.

తడుస్తూ ఇంట్లోకి వెళ్లి, అత్త మొదట మంచం వేసిన చోట దిక్సూచి పెట్టి చూశాడు. తలాపు దక్షిణానికే ఉండేది. దిక్కులు నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి. గోడలే మూడు మిగిలాయి.