బిగుతు వదిలించిన దర్జీ

"కాస్త వదులు చెయ్యండీ!" అని భార్య లోపల్నుంచి అరిస్తే, కుట్టుమిషను రొదలో దర్జీకి "వదిలెయ్యండి" అని వినబడింది.

"ఎవర్నే వదిలెయ్యడం? పొద్దున్నే ఏం మాటలవి?"

"మిమ్మల్ని వదిలేస్తే నాకు బట్టలెవరు కుడతారు? చొక్కా చెయ్యి వదులు చెయ్యమన్నాను. తొడుగు మీద ఎక్కట్లేదు. ఆసుపత్రిలో మీటింగుకి టైమవుతోంది!" అంటూ ఆమె స్నానానికి వెళ్ళింది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో ఆమెకు చంకలోని గ్రంథులు కూడా తీసేశారు. అప్పటినుంచి కుడిచేతిలో నీరు చేరి వాస్తుంది. వాపు పెరగకుండా మణికట్టు నుంచి భుజం దాకా సాగే తొడుగు ఒకటి వేసుకోవాలి. అది ఎక్కించడమంటే రోజూ ఇంట్లో మల్లయుద్ధమే. పక్కన నిలబడి పళ్ళు కొరుక్కోవడమే దర్జీ పని. జనం చంకల్లో బిగుతు వదిలించి పేరు తెచ్చుకున్నవాడి పెళ్ళాం, ఇంత బిగుతులో బతకడమా? పరువు తక్కువ!

బల్లమీద చొక్కా, తొడుగు పక్కపక్కనే ఉన్నాయి. లోపలిది పిసికేస్తుంటే పైదాన్ని వదులు చేసి ఏం లాభం? దర్జీ కత్తెర తీశాడు. తొడుగు అడుగువైపు చీల్చి, అదే రంగు సాగే గుడ్డ అతికి, కుట్టు కనబడకుండా కుట్టాడు. ఆ రోజు తొడుగు ఒక్క లాగుకి ఎక్కింది.

"వింతగా ఉందే!" అంది ఆమె, ఆ చొక్కాకి టైము చాలక పాత పొడుగుచేతుల చొక్కా తగిలించుకుంటూ. దర్జీ మీసం చాటున నవ్వుకున్నాడు.

ఆసుపత్రి మేడమీద అదే ఆపరేషన్ అయిన ఆడవాళ్ళంతా చేరారు. కొత్తగా వచ్చినావిడ ట్రాఫిక్ కానిస్టేబులు. చెయ్యి వాచి బరువెక్కింది, బండ్లను ఆపడానికి ఎత్తలేకపోతోంది. అయినా మొండిపట్టు.

"ఈ తొడుగుకన్నా బేడీలు నయం. ఇవాళ నాకు నచ్చితే సరే, లేకపోతే మళ్ళీ రాను!"

ఆమెను ఒప్పించే భారం దర్జీ భార్యది.

"చూడండి, అలవాటైతే ఏమీ ఉండదు," అని ఆమె చొక్కా చెయ్యి మడిచి చెయ్యెత్తింది. తొడుగు జర్రున మోచేతికి జారింది. పైకి లాగింది. మళ్ళీ జారింది.

"చెయ్యి వాపు తగ్గిపోయింది!" అని ఎవరో కేకేశారు. చప్పట్లు. కౌగిలింతలు. దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంది. ఆమెను దిగబెట్టడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ దర్జీ కూడా చప్పట్లు కొట్టాడు, అందరికన్నా గట్టిగా.

"అయితే దానంతటదే తగ్గుతుందన్నమాట! ఇంక నాకీ పీడ ఎందుకు?" అంటూ కానిస్టేబులు తన తొడుగు చెత్తబుట్టలో పడేసి లేచింది.

"ఆగండి!" మీటింగు నడిపే ఫిజియోథెరపిస్టు టేపు తెచ్చి దర్జీ భార్య చెయ్యి కొలిచింది. తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. తొడుగు తీసి తిరగేసింది.

"ఇదెవరి కుట్ర?"

దర్జీ ఆగలేకపోయాడు. "కుట్ర కాదండీ, కుట్టు! అదీ చేతికుట్టు! అయినా కనబడకూడదే, ఎలా కనిపెట్టారు?"

గది మొత్తం అతడివైపు తిరిగింది.

"బిగుతే దీనికి మందండీ!" అంది ఫిజియోథెరపిస్టు. "కింద గట్టిగా, పైకి పోనుపోను తక్కువగా నొక్కుతుంది. నీరు పైకి కదిలేది అందుకే. మీరు మందుని కత్తిరించారు."

"నేను చెప్పింది చొక్కా గురించండీ," అంది భార్య మొగుణ్ణి గుర్రుగా చూస్తూ.

దర్జీ మొహం వేలాడింది. "రోజూ నువ్వు దాంతో కుస్తీ పడుతుంటే చూడలేకపోయానే. నాకొచ్చిన పని ఇదొక్కటే."

భార్య కోపం ఒక్కసారిగా నవ్వులోకి జారింది, తొడుగు కన్నా వేగంగా. ఫిజియోథెరపిస్టు బీరువాలోంచి కొత్త తొడుగు తీసి ఆమెకిచ్చింది. కానిస్టేబులు ఆ వాచిన చెయ్యిని, జారిన తొడుగును మార్చి మార్చి చూసి, చెత్తబుట్ట దగ్గరికి నడిచింది.

"వదులైతే ఏమవుతుందో కళ్ళారా చూశాను," అంటూ తన తొడుగు దులిపి ఎక్కించడం మొదలెట్టింది. "ఏమయ్యా, నా యూనిఫాం చెయ్యి దీనిమీద పట్టేలా వదులు చేస్తావా? యూనిఫాందే సుమా!"

దర్జీ అందరి చొక్కాల చేతులూ వదులు చేసి పెట్టాడు. కాకపోతే, ఆ రోజు నుంచి దుకాణంలో ఎవరైనా బట్టలు బిగుతయ్యాయని గొడవకొస్తే, అది వైద్యం అంటున్నాడు.