మధ్యలో ఎవరూ తినని మందు

అహోబిలంలో స్వామికి చందనం అరగదీయడం నా పని. ఏళ్ల తరబడి నాకొక అనుమానం ఉండేది. పైన పూసిన చందనం లోపలి ఉగ్రాన్ని ఎలా చల్లారుస్తుంది? పెద్దలను అడిగితే, "నీ పని అరగదీయడం రంగనాథం, అడగడం కాదు" అన్నారు. మొన్న ఆళ్లగడ్డ సభలో మంత్రిగారు ఆ అనుమానం తీర్చారు.

"మాత్ర మింగితే ఏమవుతుంది?" అని ఆయన మైకులో గర్జించారు. "కడుపు కొంత తింటుంది, కాలేయం కొంత తింటుంది. మోకాలికి చేరేదెంత? ఇదీ పాత ప్రభుత్వాల పద్ధతి! మా జెల్ చర్మంలోంచి నేరుగా నొప్పి దగ్గరికే పోతుంది. మధ్యలో ఎవరూ తినరు! ఇక మీ మోకాళ్లకు అవినీతి రహిత పాలన!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త ఎక్కువే కొట్టాను. నా భార్య రుక్మిణి మోకాళ్ల నొప్పులకు మాత్రలు మింగీ మింగీ కడుపులో పుండు తెచ్చుకుంది. నంద్యాల డాక్టరు, "ఇక ఒక్క మాత్ర కూడా వద్దు, పైన జెల్ పూసుకోవడమే" అన్నాడు. ఆ జెల్ ఇప్పుడు ఉచితంగా వచ్చింది. ట్యూబు నిండా మంత్రిగారి నవ్వు. మిగిలిన చోట మందు పేరు కూడా వేశారు.

సభ కాగానే నాలుగు రోడ్ల కూడలిలో నేనూ రుక్మిణీ ఆధార్ కార్డులు పట్టుకుని జెల్ కోసం వరుసలో నిలబడ్డాం. పక్కనే పథకం అధికారి దేవనాథ్ గారు పార్టీ కార్యకర్త నరసింహులుకు సైన్సు చెబుతున్నారు.

"చర్మం ఒక గోడ లాంటిది. మందు తనంతట తాను దాటలేదు. జెల్ దాన్ని పట్టుకుని మెల్లగా లోపలికి పంపిస్తుంది."

"అంటే ఆఫీసుల్లో మేం చేస్తాండే పనే గదా సార్."

దేవనాథ్ గారు తలూపి, "సూత్రం అదే" అన్నారు.

జెల్ పంచే ముందు అక్కడే మంత్రిగారి ఫ్లెక్సీకి పాలాభిషేకం జరగాలి. బూట్ల నుంచి తలపాగా దాకా రెండంతస్తుల మనిషి. పాలు మాత్రం రాలేదు. నరసింహులు ఫోను తీశాడు.

"యాడుండావురా? ... పోలీసులు బండి ఆపినారా? ఎవరి కోసం? ... మన సారు కాన్వాయ్ కోసమేనా? అట్లయితే ఆడనే ఉండు, కదలొద్దు."

ఫోను పెట్టేసి చుట్టూ చూశాడు. మాకు పంచడానికి దించిన జెల్ అట్టపెట్టెల మీద చూపు ఆగింది.

"సార్, ఈ జెల్ యే రంగు?"

"తెలుపు."

"ఇంకేం!"

నిచ్చెనలు వేశారు. జిందాబాద్‌ల మధ్య ట్యూబులన్నీ ఫ్లెక్సీ మీద పిండేశారు. తెల్లటి మందు మంత్రిగారి నుదుటి నుంచి బూట్ల మీదికి మెల్లగా జారింది. పాలైతే క్షణంలో కారిపోయేవి. జెల్ భక్తిగా అంటుకుంది.

దేవనాథ్ గారు చెమట తుడుచుకుంటూ, కారులో వచ్చి ఆగిన మంత్రిగారి దగ్గరికి వెళ్లారు. "సార్, స్టాకు మొత్తం అయిపోయింది. లబ్ధిదారులుగా ఎవరిని రాయాలి?"

"జనం నా గుండెల్లో ఉన్నారా, లేదా?"

"ఉన్నారు సార్."

"మందు చర్మంలోంచి లోపలికి పోతుందని చెప్పింది నువ్వే కదా?"

"నేనే సార్."

"అయితే జనానికి చేరినట్టే. రాసుకో."

ఇంతటి శాస్త్రజ్ఞానం నేనెక్కడా చూడలేదు.

రుక్మిణి కుంటుకుంటూ ముందుకు వెళ్లింది. "ఏమప్పా నరసింహులూ, మా ట్యూబులు?"

"మీ పేర్ల మీదనే పూసినాం లే అక్కా. పుణ్యం మీకే."

"గుళ్లో అభిషేకం అయినాక తీర్థం ఇస్తారు. ఈడ తీర్థం యాడప్పా?"

దీనికి జవాబు పార్టీ శిక్షణ తరగతుల్లో చెప్పినట్టు లేదు. నరసింహులు బుర్ర గోక్కుని, "ఎవరిది వాళ్లు తీసుకోండి" అన్నాడు.

రుక్మిణి టిఫిన్ గిన్నె తెరిచి, చెంచాతో ఫ్లెక్సీ మీది మందు గీకసాగింది. చేతికి అందింది బూట్లే. వరుసలోని ముసలివాళ్లంతా కదిలారు. చెంచాలు లేనివాళ్లు ఆధార్ కార్డులతో గీకారు. కారులోంచి ఇది చూసి మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. ఒక విలేఖరి ఫొటో తీశాడు.

మేం బస్సెక్కేలోపే వార్త పక్కవాళ్ల ఫోనులో కనబడింది. "మంత్రి పాదాల చెంతకు వృద్ధుల వెల్లువ. ఆధార్ కార్డులతో తరలివచ్చి కృతజ్ఞతలు."

దారిలోని ఒక ఊళ్లో దిగే బాలమ్మ వచ్చి రుక్మిణి పక్కన కూలబడింది. పత్తి చేలల్లో కూలికి పోతుంది. "పని ఇడిసిపెట్టి వచ్చేతలికి గీకేసినారమ్మా. నా కాళ్లు సచ్చిపోతాండాయి."

రెండేళ్ల కిందట ఇదే బస్సులో నొప్పికి ఓర్చుకోలేక రుక్మిణి ఏడుస్తుంటే, ఈ బాలమ్మే తన డబ్బాలో మిగిలిన మందంతా ఆమె కాళ్లకు పూసేసింది. బాలమ్మ కనబడినప్పుడల్లా రుక్మిణి, ఆ మందు నీకు బాకీ ఉన్నాను అనేది.

రుక్మిణి గిన్నె మూత తీసి బాలమ్మ మోకాళ్లకు పూయడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా, నల్లగా అంటుకుంటాంది?"

"మంత్రిగారి బూట్ల రంగులే. బాగా రుద్దుకో."

"నీకు ఉంచుకోమ్మా, నీ కాళ్లూ అట్లనే ఉండాయి గదా!"

"నువ్వు ఉంచుకున్నావా ఆ పొద్దు?"

రుక్మిణి గిన్నె అడుగు వేలితో తుడిచి, ఆ మిగిలింది కూడా బాలమ్మ మోకాలికే పూసింది.

"ఇప్పటికి సరి" అంది.